గొడుగు రీలు

ఏ సినిమా అన్నావు? ఏదీ, ఆ ఫోను కాస్త దూరంగా పట్టు, దగ్గరైతే నాకు కళ్ళు చెదురుతాయి. ఆఁ, వాళ్ళే. ఆ వంకీల జుట్టాయనా, ఆ పెద్ద కళ్ళావిడా. ఇదెక్కడ దొరికిందే నీకు? మీ తాతయ్య మా ఊరి సినిమా హాల్లో ఆపరేటరుగా ఉండి ఆడించిన బొమ్మ ఇది. ఆపాపు, అప్పుడే మొదలుపెట్టకు. ముందొక సంగతి చెప్పాలి. చెప్పకుండా చూస్తే నీకు అర్థం కాదు, చూశాకైతే నాకు చెప్పబుద్ధి కాదు.

మీ తాతయ్యని నువ్వు చూళ్ళేదుగా. మీ అమ్మకే లీలగా గుర్తు. పోయేటప్పుడు నాన్న ఎలా ఉన్నాడని అదప్పుడప్పుడు అడుగుతుంది, నేను మాట మార్చేస్తాను. ఎలా ఉంటాడు, ఎండుపుల్లలా ఉన్నాడు. అప్పటి మిషన్లలో బల్బులెక్కడివి, రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి మండిస్తే ఆ వెలుగుకి తెర మీద బొమ్మ పడేది. జనానికి బొమ్మ, ఈయన ఊపిరితిత్తులకి పొగ. ఆస్పత్రిలో ఆఖరికి మాట కూడా పడిపోయింది. చూపు మాత్రం ఎదురుగోడ మీద కుడివైపు పైమూలనే. బల్లి ఏమైనా ఉందేమోనని నర్సమ్మని పిలిచి చూపించాను. "ఏం లేదమ్మా, ఉత్త గోడ" అని దుప్పటి సర్ది పోయింది. నాకు తర్వాత వెలిగింది. రీలు అయిపోవచ్చేసరికి తెరమీద ఆ మూలనే ఒక చుక్క పడుతుంది. మనం చూడం, కథలో ఉంటాం కదా. ఆపరేటరు మాత్రం కథ వదిలేసి ఆ చుక్క కోసం కాచుకుని, పడగానే తర్వాతి రీలున్న రెండో మిషను అందుకోవాలి. లేకపోతే తెర తెల్లగా అయిపోతుంది, హాలంతా ఈలలు. ఆస్పత్రి గోడమీద కూడా దానికోసమే కాచుకున్నాడు పిచ్చిమారాజు. అందుకోవడానికి పక్కన ఎవరున్నారు, నేనున్నాను. నాకేం తెలుసు మిషన్ల సంగతి.

సరే, అది పక్కన పెట్టు. ఏం చెబుతున్నాను? సినిమా. మధ్యాహ్నం ఆటకి క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని, మీ అమ్మని చంకనేసుకుని. కేబిన్ మెట్ల మీద క్యారేజీ పెట్టి, కిందకొచ్చి ఆఖరి వరసలో కూర్చునేదాన్ని, సరిగ్గా ఆయన బొమ్మ వేసే గోడ కంత కింద. పక్క సీటులో సంచి పెట్టేదాన్ని. ఎవరైనా వచ్చి "ఖాళీయేనా అమ్మా" అంటే "మనిషున్నాడు" అనేదాన్ని. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలాయన నవ్వేవాడు, "ఉన్న మనిషి గోడవతల ఉన్నాడు, సంచికి మాత్రం సీటు రిజర్వు" అని. ఒక్క సినిమా అంటే ఒక్కటి పక్కపక్కన కూర్చుని చూసింది లేదే మేము. అడిగితే "నేను చూస్తూనే ఉన్నాగా" అనేవాడు. ఏం చూశావు, చెప్పు, అంటే కథ చెప్పలేడు. "నువ్వు తల వెనక్కి వాల్చావంటే పాట, ముందుకు వంగావంటే కొట్లాట, భుజాలు కదిలాయంటే ఏడుపు సీను. నాకంతే తెలుసు" అనేవాడు. ఇంటికొచ్చాక నేనే కథంతా చెప్పాలి, ఆయన తింటూ ఊఁ కొట్టాలి. నవ్వకు, నిజం.

ఇక ఈ బొమ్మ సంగతి. రీళ్ళ పెట్టె బస్సులో రావాలి, ఆ బస్సు ఎక్కడో ఆగిపోయింది. సగం డబ్బాలు ఆట మొదలయ్యాక వచ్చాయి. పై ఊళ్ళో సర్దినవాడెవడోగానీ చివరి రెండు డబ్బాల మూతలు తారుమారు చేశాడు. విప్పి చూసుకునే తీరికేదీ, మూతమీద అంకె చూసి ఈయన ఎక్కించేశాడు. తెరమీద ఏమయిందంటే, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారు, అతను అలిగి ఇల్లు వదిలిపోతాడు. వెంటనే చూద్దుం కదా, ఆవిడ మంచంలో ఉంది. అతను పక్కన కూర్చుని దీపం ఎగదోస్తున్నాడు. ఆవిడ పోయింది. ఖాళీ ఇంట్లో అతనొక్కడే ఆవిడ దువ్వెన పట్టుకుని కూర్చున్నాడు. సమాప్తం అని పడింది. జనం ముక్కులు చీదుకుంటూ లేచారు. గేటాయన తలుపులు కూడా తీసేశాడు. ఇంతలో రెండో మిషను తిరిగింది. వాన. వీధి చివర గొడుగేసుకుని అతను వస్తున్నాడు. ఈవిడ గుమ్మం బయట తడుస్తూ నిలబడి ఉంది, నిక్షేపంగా. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. అతనొచ్చి గొడుగు ఆవిడ మీద పట్టాడు, తను తడుస్తున్నాడు. ఇద్దరూ లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. అంతే, రీలైపోయింది.

ఓనరు మెట్లెక్కి వచ్చాడట, "నీ కళ్ళేం కాకులెత్తుకెళ్ళాయా" అని మండిపడుతూ. తీరా కంతలోంచి కిందికి చూస్తే ఒక్కడూ అరవడం లేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని "బతికింది తల్లీ, బతికింది" అంటున్నారు. నేనూ వాళ్ళలోదాన్నే. మర్నాడు హాలు పక్కన దర్జీ కొట్టులో పెద్ద పంచాయితీ. కాంపౌండరేమో "జబ్బు నయమైపోయింది, అంతే" అన్నాడు. దర్జీ కత్తెర కింద పడేసి, "ఒరే తెలివైనవాడా, చావు సీను వాడి కల. అలిగిపోయి ఎక్కడో పడుకున్నాడు, పీడకలొచ్చింది, గుండె ఝల్లుమని గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మొగుడన్నాక ఆ మాత్రం భయం ఉండాలి" అన్నాడు. ఊరంతా దర్జీ మాటే ఒప్పుకుంది. ఓనరు "ఇలాగే ఆడనీ" అన్నాడు. మీ తాతయ్య ఆ సమాప్తం ముక్క కత్తిరించి గొడుగు రీలు చివర అతికించాడు. మా ఊళ్ళో ఆ సినిమా ఆడినన్నాళ్ళూ ఆవిడ చచ్చి బతికింది.

నాకు మాత్రం ఉండబట్టలేదు. అసలు వరసేంటి, చెప్పమన్నాను. క్యారేజీ గిన్నెలు సర్దుకుంటూ నవ్వాడు. "గొడుగు ముందు, చావు తర్వాత. ఆ వానలో తడిసే ఆవిడకి జబ్బు చేస్తుంది. ఏం, తెలుసుకుని బావుకున్నావా" అన్నాడు. పోనీ ఒక్కసారి సరిగ్గా వేసి చూపించమంటే, "హాలు ఖాళీగా ఉన్న రోజున ఇంకొకడికి మిషనప్పజెప్పి నీ పక్కన కూర్చుంటాలే. వేయించేది మాత్రం మన వరసే" అన్నాడు. హాలు ఖాళీ అయ్యింది, కూలిపోయింది కూడా. ఆయనకే తీరిక లేకపోయింది.

ఇప్పుడు నువ్వు దీన్ని శుభ్రంగా, అసలు వరసలో పట్టుకొచ్చావు. చూడాలనే ఉందే. కానీ ముందు గొడుగు పట్టి, తర్వాత ప్రాణం తీసేస్తే, ఆ తర్వాత నువ్వు ఫోను జేబులో పెట్టుకుని మీ ఇంటికి వెళ్ళిపోతావు. నేనిక్కడ ఆ దువ్వెన పట్టుకుని కూర్చోవాలి. అది కాదుగానీ, ఇందులో ముందుకీ వెనక్కీ జరపొచ్చంటగా? వేలితోనేనా? అయితే ఇలా చెయ్యి. పోట్లాట అవగానే ఆస్పత్రి పెట్టు. అదైపోయాక గొడుగు.

ఏంటీ, ఇందులో ఆస్పత్రి లేదా. అవును, మంచమే. అదేలే, మంచం.

కంతలోంచి ఎప్పుడైనా చెయ్యి ఊపేవాడు, తెలుసా. వెనక వెలుగుకి మొహం కనబడేది కాదు, మసి గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనబడేది. సరే, మొదలుపెట్టు. ఆ కిటికీ రెక్క దగ్గరికి వెయ్, వెలుతురు పడుతోంది. అరే, నా పక్కన ఆ సంచి తియ్యకు. అక్కడ ఉండనీ. నువ్వు ఇటుపక్కకి వచ్చి కూర్చో.