తేరుకున్నాక

పక్షవాతం వచ్చి లేచిన తమ్ముణ్ణి అక్క ఆసుపత్రి వరండాలో నడిపిస్తోంది. అతని ఎడమ కాలు నేలను రాసుకుంటూ వస్తోంది. ఆ నడకను ఆమె తన ప్రయోగశాలలో ఏళ్ల తరబడి చూసింది.

“నీ ఎలుకలు కూడా ఇలాగే ఈడుస్తాయా అక్కా?”

“ఇప్పుడవెందుకురా. కాలు ఎత్తి వెయ్యి.”

“చెప్పక్కా. నిక్షేపంలా ఉన్నదానికి ఈ రోగం ఎలా తెప్పిస్తారు?”

“మత్తిచ్చి, మెదడుకి రక్తం తగ్గేలా చేస్తాం. నువ్వు మింగేలాంటి మందులు ముందు వాటికే ఇచ్చి చూస్తాం.”

“తేరుకుంటాయా?”

“కొన్ని బాగానే తేరుకుంటాయి. పరిగెత్తినవి కూడా ఉన్నాయి.”

“పరిగెత్తాక?”

ఆమె వంగి అతని చెప్పు సరిచేసింది.

“అడిగేది నిన్నే.”

“మందు ఎంత పనిచేసిందో మెదడు కోసి చూస్తేనే కదరా తెలిసేది.”

“అయితే నేను నిదానంగా తేరుకోవడమే మేలు.”

“నోరు ముయ్యరా.” నవ్వబోయి, అతని భుజం పట్టుకుంది. “నువ్వు పడిపోయిన దగ్గర్నుంచీ కళ్లు మూస్తే అవే కనబడుతున్నాయి. నీలాగే ఒక పక్కకి ఒరిగి, నా వంకే చూస్తూ.”

అతను ఆయాసంతో బల్ల మీద కూలబడ్డాడు. చెమట తుడుస్తున్న ఆమె చెయ్యి అతని మెడ పక్కన ఆగిపోయింది.

“ఏంటక్కా? ఇక్కడేనా మీరు చేసేది?”

“ఇక్కడే. రక్తనాళానికి దారం కడతాం.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అతను కుడిచేత్తో దాన్ని అక్కడే అదిమి పట్టాడు.

“కొట్టుకుంటోందా?”

“కొట్టుకుంటోందిరా.”

“అయితే కాసేపు ఉంచు.”