తొడుగు విప్పని సరుగుడు చెట్లు

1988 జూన్ ఆరవ తేదీ, జల్లు పడుతున్న సోమవారం ఉదయాన, శ్రీమతి మెరియల్ ట్రెగెన్‌జా గారు మన వారన్‌బీ కౌన్సిల్ మొక్కల నర్సరీలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి మన ఊరి ప్రాస్పర్ కొండ గొర్రెల మేతకూ గోధుమ సాగుకూ బోడిగుండై ఉంది. కొండ సరుగుడు గింజలే ఆహారంగా బతికే నల్ల కాకతువ్వ చిలుకలు అక్కడ వాలడం మానేసి చాలా కాలమైంది. వాటిని మళ్ళీ రప్పించాలన్న ఒక్క సంకల్పంతో, ఆ కొండ మీద మిగిలిన చెట్ల గింజలనే ఏరి మొలకెత్తించి, ఏటా చలివానల్లో ఊరి చేత నాటించే ఆనవాయితీకి శ్రీకారం చుట్టినవారు మెరియల్ గారే.

పర్యవేక్షకురాలై, ఆపై నర్సరీ అధికారిణిగా పదోన్నతి పొందినా, నాటే ఆదివారం బురదలో మోకాళ్ళ మీద కూర్చోవడం వారు మానలేదు. కుందేళ్ళు కొరకకుండా ప్రతి మొక్కకూ ప్లాస్టిక్ వల తొడిగించేవారు. నాటడానికి ఊరు ఊరంతా కదిలేది. రొట్టెలో చుట్టిన సాసేజీలు, పిల్లల కేరింతలు, మేయరు గారి ఫోటో, ఒకటే సందడి. కాండం లావెక్కక ముందే ఆ తొడుగులు విప్పాలి. ఎండల్లో ఆ పనికి వచ్చే నాథుడు లేడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు పందిరి విప్పడానికి వస్తారా! మెరియల్ గారూ, బయటి పనుల మేస్త్రీ క్లెమ్ నోస్కే గారూ ఇద్దరే కత్తెరలు పట్టుకుని కొండెక్కేవారు.

ఒక వేసవిలో వారు కొండ వెనక వాలుకు చేరేసరికే ఆలస్యమైపోయింది. వలలు కాండాల్లోకి కోసుకుపోయి చెట్లు నిలువునా ఎండిపోయాయి.

"ఇక చాలు మెరియల్! ఈ ఏడు నాటడం లేదని చెప్పెయ్. ఉన్నవాటికే దిక్కు లేదు," అన్నారు క్లెమ్.

"పిల్లలు ఎదురుచూస్తుంటారయ్యా. ఏ మొహంతో వద్దనేది?"

"నీ మొహమాటమే వీటి పీకకి చుట్టుకుంది తల్లీ!"

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయారు. "కుందేళ్ళు తిన్నా కొన్ని మిగిలేవి క్లెమ్. వీటిని నేనే చంపాను," అంటూ అక్కడే కూలబడ్డారు. ఆ ఏడు కూడా నాటారు. కాదనలేకపోయానే అన్న చింత వారిని ఈనాటికీ వదలలేదు. కాకతువ్వలూ ఇంకా రాలేదు.

పోయిన వారం వారి పదవీ విరమణ తేనీటి విందులో, జ్ఞాపికగా ఏం కావాలని అడిగితే వారన్న మాట ఇది: "నా పేరున చెట్టు మాత్రం నాటకండి. కత్తెర పట్టుకుని ఒక్క శనివారం కొండకి రండి, చాలు." అందరం చప్పట్లు కొట్టాం. సోమవారానికల్లా కార్యాలయం ముందు వారి పేరుతో ఫలకం, దాని పక్కన సరుగుడు మొక్క, దానికి కొత్త తొడుగు వెలిశాయి. దాన్ని చూసి మెరియల్ గారు తొడుగు బిగువు వేలితో సరిచూశారు.

నొప్పెరుగని మోకాళ్ళతో, నిండైన ఆరోగ్యంతో వారు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ప్రాస్పర్ కొండ మీద నల్ల కాకతువ్వలు వాలే ఉదయాన్ని కళ్ళారా చూడాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఆ ఉదయం ఉత్త దీవెనలతో వచ్చేది కాదు. ఈ శనివారం క్లెమ్ గారు కత్తెరలతో నర్సరీ గేటు దగ్గర ఉంటారు. విశ్రాంతి తీసుకోమన్నా వినకుండా మెరియల్ గారూ వస్తారు. ఈసారైనా ఆ ఇద్దరి వెనక మనం ఉండాలి.