చిట్టితల్లొదిన కత్తెర పట్టిన రోజు

ఆ బొచ్చు తీసీ మిషన్ కాసేపు ఆపమ్మా అపర్ణా, సెవులు హోరెత్తిపోతన్నాయి. కూసో ఇలాగ. ఏటడిగినావు? మన ఫెరార్‌గంజ్‌లోకి గొర్రిలు ఎలాగొచ్చాయనా? మా వదిన తెచ్చినాది. చిట్టితల్లి. మీ నాన్నకి అమ్మ. నీకు నానమ్మే, నువ్వు సూడనేదు. సిక్కోలు కాడ గొర్రిలు కాసీ ఇంటి పిల్ల. పెళ్ళయ్యి ఈ దీవులకొచ్చీ ఓడెక్కుతూ, పుట్టింటోళ్ళిచ్చిన గొర్రిల్నీ ఎక్కించీసింది. ఓడోడు "అరే, యే క్యా హై!" అని అరిస్తే, "మా సుట్టాలు బాబూ" అన్నాదట. ఆవిడి నోరలాటిది.

మా అన్నయ్య వాసుదేవ్ ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్లిచ్చీవోడు. ఆడికి గొర్రి అంటే ఏటి తెలుసు? ఇక్కడి వాన నీకు తెల్దా, పట్టుకుంటే ఒగ్గదు. మొదటేడు బొచ్చంతా తడిసి ముద్దయిపోయి, ఆరక, పురుగు పట్టీసి, మంచి మంచివి సచ్చిపోయాయి. వదిన తిండి మానీసింది. అన్నయ్య అన్నాడు గదా, "వచ్చే వానల్లో ఇంకోటి పోయిందంటే మిగిలినవి అబర్డీన్ బజార్ కసాయోడికి ఇచ్చెత్తాను, బస్" అని. కోపం కాదమ్మా. ఆవిడి ఏడుపు సూడనేక.

మరుసటేడు వానకి ముందే బొచ్చు తీసీయాలన్నాది వదిన. తీసీదెవరు? ఆళ్ళూళ్ళో అది మగోళ్ళ పని, ఆడోళ్ళని కత్తెర ముట్టనివ్వరు. నానే బజారుకెల్లి మంగలి శివాజీని తెచ్చినాను. ఆడు గొర్రిని సూసి, "భయ్యా, నాను మనుషులకి సేస్తాను, జాన్వర్లకి కాదు" అని మళ్ళీ బస్సుకి ఎలిపోబోయాడు. వదిన అడ్డంగా నిలబడ్డాది. "సెయ్యొద్దులే. కత్తెర నూరిచ్చి, ఎలాగ పట్టుకోవాలో సెప్పు. అదే సాలు."

ఆడు సూపించి ఎలిపోయాక, వదిన మొదట పట్టింది కడుపుతో ఉన్న గొర్రిని. కత్తెర జారి తోలు తెగిపోయింది. రత్తం సూసి కత్తెర పారీసింది. అప్పుడే అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చినాడు. నాకు బయమేసింది, ఇప్పుడేటంటాడో అని. ఆడు సొక్కా విప్పి దండెం మీదేసి, గొర్రి తల ఒళ్ళో పెట్టుకుని కూసున్నాడు. "నాను పట్టుకున్నాను, కానీ" అన్నాడు. వదిన ఆడి మొహం సూసింది. కత్తెర తీసింది. ఇంకాగనేదు. ఆకాశం నల్లబడిపోతంది, ఇక్కడ బొచ్చు కుప్పలు పడతన్నాది, ఆకరిది ఒగ్గేసరికి సినుకులు. ఇరుగుపొరుగోళ్ళు ఒకటే నవ్వు, ఈకలు పీకిన కోళ్ళలాగున్నాయని. నవ్వితే నవ్వనీ! ఆ వానల్లో ఒక్కటీ సావనేదు.

ఆ తెగిన గొర్రి ఈనిందా, అన్నయ్యకి ఆనందం ఆగక జెట్టీలో క్యూ అంతటికీ సెప్పీసినాడు, "మా ఇంట్లో కవలలు!" అని. ఎవరో దీదీ పాపం మిఠాయి పొట్లం చేతిలో పెట్టీసింది, "బధాయీ హో" అని. గొర్రి అని సెప్పడానికి సిగ్గేసి పట్టుకొచ్చీసినాడు.

ఆ బొచ్చా? ఉతికి, ఎండేసి, చిన్న పరుపు కుట్టినాది. మరుసటేడు మీ నాన్న దాని మీదే బోర్లా పడ్డాడు. "అప్పలరాముడూ, రా రా, సూడు సూడు" అని నన్ను పిలుస్తా ఒకటే కేకలు... ఆవిడి గొంతు...

ఒలే, ఆ పొట్టేలు సూడు, అరటి మొక్కల్లో దూరిపోతంది! తోలు, తోలు!