నీలం గుడారం

కుక్కల అందాల పోటీ జరుగుతున్న మైదానం పక్కన, గుడారంలో కూర్చుని అక్క తన కుక్కను దువ్వుతోంది. తమ్ముడు దాని మెడకు తడిగుడ్డ చుడుతున్నాడు.

“అక్కా, దీని నాలుక నీలంగా మారుతోందే!”

“గుడారం నీలం కదరా, ఆ రంగు పడుతోంది.”

“మరి నీ చేతిమీద పడట్లేదేం? ఊపిరి ఎలా ఎగబీలుస్తోందో చూడు.”

“ఈ జాతే అంత. పుట్టినప్పటినుంచీ గురకే.”

“అలా పుట్టించింది మనమే కదా! ముక్కు ఇంకా చప్పిడిగా రావాలని తండ్రీకూతుళ్ళనే జతకట్టించాం.”

“ఇప్పుడా ఆ మాటలు? మనల్ని పిలుస్తున్నారు, లే. ఈ ఒక్కసారికేరా, మళ్ళీ తీసుకురాను.”

“పోయినసారీ ఇదే అన్నావు.”

“అదిగో, లేచి తోకాడిస్తోంది! దానికే వెళ్ళాలనుంది.”

“పోటీకని కాదక్కా. నువ్వు లేచావని లేచింది.”