నిచ్చెన పైన నా వంతు

గుండూ! ఒరేయ్ గుండుగా!

ఊఁహూఁ. చూశావా బావా, పిలిస్తే రెప్ప కూడా కదపడం లేదు నీ సుపుత్రుడు. పొద్దుటినుంచీ నా జుట్టు పీకి, కొండెక్కిన వాళ్ళందరికీ కచేరీ పెట్టి, తీరా కిందికి దిగేటప్పుడు నీ ఛాతీకి ముక్కు ఆనించి పడుకున్నాడు.

నువ్వు మాట్లాడకు! నీకు పుణ్యముంటుంది, నోరు తెరవకు. ఆ లేత్ మిషన్ల హోరులో అరిచి అరిచి నీ గొంతు ఎలా తయారైందో నీకు తెలీదు. నువ్వు గుసగుసలాడితే గోడ అవతలి వాళ్ళు ఏంటండీ అని అడుగుతారు. చేతులున్నాయిగా, సైగ చెయ్యి చాలు.

నేను మాత్రం ఆపకూడదు. అదీ నా ఖర్మ. నా వాగుడు వింటూ నిద్రపోతాడు, ఆపిన క్షణం ఒక కన్ను తెరుస్తాడు. బస్సు దగ్గరికి ఇంకా గంటన్నర నడక. గంటన్నర సేపు ఏం మాట్లాడను చెప్పు?

సరే, నా వీపు గురించి చెప్తాను. ఈ సంచీలో ఏముందో తెలుసా? ఫ్లాస్కు, పాలపొడి డబ్బా, వాడి బట్టలు, దుప్పటి. అవి కాక రెండు రోజుల డైపర్లు! తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవలెను అని అడుగడుక్కీ బోర్డులు పెట్టారు మహానుభావులు. వేల ఏళ్ళ కిందట బండమీద గీసిన బొమ్మలు చూద్దామని వచ్చి నేను మోసుకెళ్తున్నది ఇదీ. నవ్వకు! నీ పొట్ట ఊగితే వాడు లేస్తాడు.

నీకు మాత్రం తక్కువా? ముందు వాడు, వెనక టెంటు. నిన్ను అనడం లేదులే. అత్తయ్య చెప్పనే చెప్పింది, పది నెలల పిల్లాణ్ణి వేసుకుని కొండలేమిటే, ఆ బొమ్మలేమన్నా లేచిపోతాయా అని. ఆవిడ మాట వింటే నా పరువేం కాను? రెండేళ్ళుగా కొండ, కొండ అని నీ చెవిలో జోరీగలా తిరిగింది నేనే కదా.

పెళ్ళికి ముందు ప్రెస్సులో పనిచేసేదాన్ని గుర్తుందా, కాగితాలు మడతపెట్టే పని. ఆ ఏడు అచ్చేసిన క్యాలెండర్లో ఆరో నెల మీద ఈ కొండ బొమ్మే. ఎర్ర జింకలు బారుగా, వాటి కింద మనుషులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని. రంగు కాస్త పక్కకి జరిగిందని మేనేజరు ఒక షీటు పారేశాడు. నేను తెచ్చుకుని బీరువా తలుపు లోపల అంటించుకున్నాను. బట్టలు తీసిన ప్రతిసారీ చూసేదాన్ని. నాకేం తెలుసు, చదివింది పదో తరగతి. కానీ అది గీసినవాడు ఎవరినో ప్రేమించే ఉంటాడని మాత్రం గట్టిగా అనిపించేది. ఊరికే జింకలకోసం ఎవరైనా అంత ఎత్తు ఎక్కుతారా?

మనిద్దరం దాని ముందు నిలబడతాం అనుకున్నాను. నీ చెయ్యి పట్టుకుంటాననుకున్నాను, కళ్ళమ్మట నీళ్ళొస్తాయనుకున్నాను. నువ్వొక మాట అంటావు, అది చచ్చేదాకా గుర్తుంచుకుంటాను. నువ్వేం అనాలో కూడా నేనే ఆలోచించి పెట్టుకున్నాను, నీకు చెప్పలేదు కానీ.

తీరా ఏమైంది? ఆ ఇనప నిచ్చెన దగ్గర కాపలా తాత అడ్డం నిలబడ్డాడు. పసిపిల్లలు పైకి రాకూడదమ్మా, ఒకరు చూసి రండి, ఒకరు పిల్లాడితో ఉండండి అని. వంతులు! ఆస్పత్రిలో సూదిమందుకి పిలిచినట్టు వంతులు!

ముందు నువ్వెళ్ళు అన్నాను. గొప్పకి అన్నాను బావా! దానికి నువ్వు, కాదు కాదు నువ్వే వెళ్ళు అంటావనుకున్నాను. నువ్వేమో రెండేసి మెట్లు ఎక్కేస్తూ వెళ్ళిపోయావు.

ముప్పావు గంట! నేను ఎండలో వీణ్ణి ఎత్తుకుని గిరగిరా తిరుగుతున్నాను, తాతేమో పళ్ళొస్తున్నాయామ్మా, పళ్ళొస్తున్నాయామ్మా అని ఒకటే గోల. అవును తాతా, వీడికి వస్తున్నాయి, నాకు రాలుతున్నాయి అన్నాను.

అప్పుడు దిగొచ్చావు. ఏం మొహం బావా అది! ఇనప రజను ఎగిరిపడుతున్నా రెప్ప వెయ్యని మనిషివి, నీ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ కన్నీళ్ళు నావి. ఎన్నేళ్ళనుంచో దాచుకున్నవి. నా బదులు నువ్వు ఏడ్చి వచ్చావు.

ఏమిటా సైగ? కొమ్ములా? ఆఁ, జింక. వెనక్కి తిరిగి చూసే జింక. చూశాను. చాలా బాగుంది. ఎర్రగా... బాగుంది.

మళ్ళీ ఏమిటి? చిన్నదా? కింద మూలనా? ఓ, పిల్ల జింక! ఆఁ, చూశాను. తల్లి దగ్గర పాలు తాగుతోంది కదా. కాదా? తల అడ్డంగా ఊపుతావేం? పడుకుందా? అదే, అదే, పడుకుని ఉంది. అలా చూడకు నన్ను. ముందు దారి చూడు, రాళ్ళున్నాయి.

అయ్యో, కదిలాడు... జోజోజో. ఇక్కడే ఉన్నాను నాన్నా, అమ్మ ఎక్కడికీ పోలేదు.

ఇంకేం మాట్లాడను బావా? మాటలు అయిపోయాయి. అబద్ధాలు కూడా అయిపోయాయి.

ఈ సెలవు కోసం ఫోర్‌మన్‌తో ఎంత పోట్లాడావో తెలుసు. రెండు నెలలు ఆదివారాలు కూడా మిషను ముందు నిలబడ్డావు, నాకోసమే. అందుకే నువ్వు అడిగిందానికల్లా ఆఁ ఆఁ అన్నాను. ఇంటికెళ్ళగానే అత్తయ్యకి చెప్తావు, నీ కోడలు ఎంత మురిసిపోయిందో అని. వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తావు. వీడు పెద్దయ్యాక వీడికీ చెప్తావు. నేను పక్కన నిలబడి తలూపుతూ ఉండాలి. నా వల్ల కాదు.

ఆగకు. నడుస్తూనే ఉండు, ఆగితే వాడు లేస్తాడు. వెనక్కి తిరక్కు, నీ మొహం చూస్తే చెప్పలేను.

నా వంతొచ్చాక నిచ్చెన ఎక్కాను. పైన ఒక మలుపు. మలుపులో చదునుగా ఒక బండ, దానిమీద నీడ. అక్కణ్ణుంచి పది అడుగులు వేస్తే బొమ్మలు, బాణం గుర్తు కూడా వేసి ఉంది. ఒక్క క్షణం కూచుని వెళ్దాంలే అని కూచున్నాను. చేతులు చూసుకున్నాను. ఖాళీగా ఉన్నాయి. ఒళ్ళో ఎవరూ లేరు. నన్నెవరూ పిలవడం లేదు. గాలి వేస్తోంది బావా, వట్టి గాలి.

నేను బొమ్మలు చూడలేదు.

నిద్రపోలేదు, కాళ్ళు నొప్పులనీ కాదు. ఊరికే కూచున్నాను, అరగంట. పది అడుగులు వెయ్యలేదు. నీకు చెప్పిందంతా ఆ క్యాలెండరు బొమ్మే.

ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను.

కిందనుంచి వాడి ఏడుపు వినబడింది. ముందు సన్నగా, తర్వాత గుక్కపట్టి. నువ్వు నీ గొంతుతో ఓలోలో అంటున్నావు, తాత తాళాల గుత్తి ఆడిస్తున్నాడు. అంతా వినబడింది. ఇంట్లో వాడు కుయ్యిమంటే పొయ్యిమీద పాలు వదిలేసి పరిగెత్తేదాన్ని కదా నేను.

విన్నాను బావా. విని, కాళ్ళు ఇంకాస్త చాపుకున్నాను.