మూడో రంధ్రం

ఉదయం ఆరున్నరకు పిల్లి బెల్టులోంచి జారుకుని పక్కింటి గోడ దూకింది. తాడు భర్త చేతిలోనే ఉండిపోయింది. సామానంతా వ్యాన్‌కి ఎక్కించిన భార్య మెట్ల దగ్గరికి వచ్చింది.

"నాలుగు నెలలు నేర్పానండీ. బెల్టు చూపిస్తే తనే వచ్చి తల దూర్చేది."

"నాకు పదకొండేళ్లు నేర్పావు."

"అది నేర్చుకుంది."

"అందుకేగా, దాన్ని తీసుకుని నన్ను వదిలి పోతున్నావు."

"చివరిసారి తిప్పుతానంటే నమ్మి ఇచ్చాను. బెల్టు మూడో రంధ్రానికేగా పెట్టారు? మొదటిదైతే వదులని చెప్పాను."

"మూడోదానికే పెట్టాను. అది దొరికేదాకా ఆగు. పిల్లిని వదిలేసి ఎలా వెళ్తావు?"

ఆమె తాడు లాక్కుని బెల్టు చూసింది. మొదటి రంధ్రానికి పెట్టి ఉంది.

"ఈ ఒక్కటైనా నిజం చెప్పలేకపోయారా?"

"చెబితే ఆగేదానివా?"

ఆమె బెల్టు మెట్టు మీద పెట్టింది. ఏడింటికి ఆమెతో వ్యాన్ వెళ్లిపోయింది. తొమ్మిదింటికి పిల్లి గోడ దిగి వచ్చి బెల్టు పక్కన కూర్చుంది.