పెద్దమ్మ విన్న నవల

వరంగల్ కొత్తవాడ. శ్యామలమ్మ దినాలయిన మర్నాడు, ఆమె కూతురు నవనీత, పెద్దమ్మ అనసూయ.

“ఇగ నాతోని కాదు పెద్దమ్మా. గిదేం నవల! అమ్మ పానం లెక్క దాసుకున్నదని పొద్దటి సంది కూసొని సదివితి.”

“గట్లనకు బిడ్డా. మంచి కథ.”

“ఏం మంచి? మొగడు తాగొచ్చి కొడతాండు, హేమలత పుట్టింటికొస్తది. ఆడిదాంక బాగనే ఉన్నది. ఆడికెల్లి అన్నీ నీతులే. సంజె వెలుగు ఒక్కటే నాలుగు పేజీలు రాసిండు.”

“రాత సంగతి నాకేమెర్క? ఆ పిల్ల గుండె చూడు, ఎంత గట్టిదో.”

“యాడి గుండె? ఇసొంటిది సదివే అమ్మ జిందగంత నాయిన తన్నులు పడ్డది. సింపి పొయ్యిల పెట్టబుద్ధయితాంది.”

“ఏయ్, ఇటు తే. పుస్తకం నీకేం జేసింది?”

“ఏం జేసిందా? ఆఖరుకు హేమలత పోయి వాని కాళ్ల మీద పడ్డది!”

“ఎవలు?”

“హేమలత.”

“కాదు. అది పోలే.”

“పోయింది పెద్దమ్మా.”

“పోలేదంటాంటే! నాయిన బండి కట్టిచ్చి పొమ్మంటడు. ‘నేను పోను, చాతనైన పని జేసుకొని బతుకుత’ అంటది. బట్టలు కుట్టుడు నేర్సుకుంటది. కిరాయికి అర్ర తీసుకుంటది. తాళం గూడ తనే కొనుక్కుంటది. ఇత్తడిది.”

“నువ్వు ఏ పుస్తకం ముచ్చట చెప్తానవ్? ఇగో, ఇను. ‘ఆమె తన కన్నీటితో భర్త పాదములు తడిపెను. ఇల్లాలికి ఇంతకన్న స్వర్గమేమున్నది!’ అయిపోయింది. కింద సమాప్తం.”

“...జర మల్ల సదువు.”

“ఎన్నిసార్లు సదివినా గంతే. అర్ర లేదు, తాళం లేదు. నీకెవలు చెప్పిండ్రు?”

“ఎవలేంది? మీ అమ్మనే. నాకు అచ్చరం రాదాయె. నేను రాట్నం మీద కండెలు సుట్టేది, అది పక్కన కూసొని సదివేది. దానికింక లగ్గం కాలే. నేను పాలకుర్తి అత్తగారింటికెల్లి వాతలు పడ్డ ఈపుతోని వచ్చి ఉంటి.”

“వాతలా?”

“బెల్టుయి. ఇప్పుడెందుకు తియ్. తెల్లారితె మీ తాత నన్ను మల్ల ఆడ దింపొస్తనన్నడు. ఆ పొద్దే ఆఖరు సదివింది. సదువుకుంట సదువుకుంట ఆగింది. ఏమైందే అంటే, ‘కాయితాలు అంటుకున్నయక్కా’ అన్నది. జరసేపు నా మొకం దిక్కు చూసి, మల్ల సదివింది.”

“తెల్లారి?”

“నేను పోలే. మీ తాత ఎంత మొత్తుకున్నా పోలే. సదువుకున్నోళ్లే రాసిండ్రు నాయినా, పుస్తకంల ఉన్నది అన్న. జంపఖానాల కార్ఖానల పనికి చేరిన.”

“అంటే అమ్మ... నీ కోసం అప్పటికప్పుడు...”

“ఆగు బిడ్డా. జర ఆగు.”

“నిన్ను ఆపినామె, తను ఎందుకు పడి ఉన్నది పెద్దమ్మా?”

“నేనూ అడిగిన. మీ నాయిన కొట్టి దాని దవడ వాసినప్పుడు పోయి అడిగిన. నాకు గంత మంచిగ సదివి ఇనిపిస్తివి, నువ్వెందుకు పడుంటవే, లేసి రా అన్న.”

“ఏమన్నది?”

“‘నీకైతే నేను సదివిన. నాకెవలు సదువుతరక్కా’ అన్నది. పది పాసైనదానివి, నీకు ఒకలు సదువుడేందే అని... నేను నవ్విన బిడ్డా.”